అర మిల్లీలీటరు గొడవ

చీరకి జేబు ఉండదు. పెన్నులు తయారుచేసేవాళ్లకి ఈ సంగతి ఇంతవరకూ తట్టినట్టు లేదు. మా కాలేజీలో మగ లెక్చరర్లు పెన్నుని చొక్కా జేబుకి తగిలించుకుంటారు. పాళీ పైకి, ఇంకు కిందికి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అది నిటారుగా దర్జాగా ఉంటుంది. నా పెన్ను మాత్రం పర్సులో ఇంటి తాళాలకీ చిల్లరకీ జ్వరం మాత్రలకీ మధ్య అడ్డంగా దొర్లుతూ ఉంటుంది. మామూలు పొడుగు పెన్నయితే పర్సు జిప్పు దగ్గర తన్నుకుని నిలబడుతుంది. ఇంకు పెన్ను అలవాటు మానలేక, బాల్‌పెన్నుతో పెట్టిన సంతకం నాది కానట్టే కనబడుతుంటే చూడలేక, చివరికి ఒక పొట్టి పెన్ను కొనుక్కున్నాను.

కవేకో స్పోర్ట్ అని, జర్మనీది. 1930ల నాటి నమూనా. మూసి ఉంటే పదిన్నర సెంటీమీటర్లు, అరచేతిలో దాక్కుంటుంది. క్యాప్ తీసి వెనక తగిలిస్తే 13 సెంటీమీటర్లు దాటి నిండు పెన్నవుతుంది. క్యాప్ మరలతో బిగుస్తుంది కాబట్టి పర్సులో దానంతటది ఊడిరాదు. పెన్ను ఎంపికలో నేనేమీ పొరపడలేదు. పొరపాట్లన్నీ దాంట్లోకి ఇంకు ఎలా ఎక్కించాలన్న దగ్గర చేశాను. చేసింది ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ పాఠాలు చెప్పే మనిషి కావడమే అసలు సిగ్గు.

పెన్నుతో పాటు ఒక చిన్న కార్ట్రిడ్జ్ వచ్చింది. ఇంకు నింపి మూతి మూసేసిన బుల్లి ప్లాస్టిక్ గొట్టం. పెన్నులోకి నొక్కితే మూతి తెరుచుకుని పాళీకి ఇంకు అందుతుంది. అయిపోగానే దాన్ని చెత్తబుట్టలో పడేశాను. అలా పడేయడం ఎంత తెలివితక్కువ పనో తెలియడానికి చాలాకాలం పట్టింది.

కాకినాడలో ఇంకు బుడ్డి దొరుకుతుంది. బ్రిల్లో, క్యామెలో, నాలుగు షాపులు తిరిగితే ఏదో ఒకటి చేతికొస్తుంది. కార్ట్రిడ్జ్ అడిగితే మాత్రం “ప్రింటరు ఏ మోడల్ మేడమ్?” అంటారు. బుడ్డిలోంచి ఇంకు పీల్చుకోవాలంటే కార్ట్రిడ్జ్ స్థానంలో కన్వర్టర్ అనే చిన్న పంపు పెట్టుకోవాలి. సరే, తెప్పించాను. ప్యాకెట్ మీద ‘ఇంటర్నేషనల్ స్టాండర్డ్’ అని ఉంది. నా పెన్ను వివరాల్లోనూ అదే మాట ఉంది. ఇంకేం కావాలి?

పొడవు కావాలి. ఆ ప్రమాణం గొట్టం మూతికే గానీ పొడవుకి కాదు. ఈ రకంలో పొట్టి కార్ట్రిడ్జ్ సుమారు 38 మిల్లీమీటర్లు ఉంటుంది, పొడుగుది 70 దాటుతుంది. మార్కెట్లో దొరికే కన్వర్టర్లు చాలావరకు పొడుగుదానికి చోటున్న పెన్నుల కోసమే చేసినవి. నా పొట్టి పెన్నులో పొట్టి కార్ట్రిడ్జ్ కూర్చున్నాక మిగిలే జాగా దాదాపు శూన్యం. కన్వర్టర్ మూతి చక్కగా కూర్చుంది. పెన్ను వెనక గొట్టం, అంటే బ్యారెల్, మాత్రం సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకాస్త గట్టిగా తిప్పితే పడుతుందేమోనని ప్రయత్నించాను కూడా. స్క్రూగేజీతో తీగ మందం కొలవడం నేర్పే మనిషిని, కొనేముందు స్కేలు తీయాలని తోచలేదు.

మూతిలోనూ అన్నీ ఒకటి కాదని తరవాత తెలిసింది. పైలట్, ప్లాటినమ్, సెయిలర్, పార్కర్, లామీ ఎవరి మూతి వాళ్లదే. పైలట్ వాళ్లయితే పొట్టి పెన్నులకి కాన్-40 అని ఒకటి, పెద్దవాటికి కాన్-70 అని ఒకటి చేస్తారు. పెద్దది మిల్లీలీటరు పైన పడుతుంది, చిన్నది 0.4 దగ్గర ఆగుతుంది. ఎక్కువ పడుతుంది కదా అని పెద్దది కొని, పొట్టి పెన్నులో దూరక బిక్కమొహం వేసేవాళ్లు నాలాగే ఇంకా ఉంటారు.

ఆ తరవాత నల్ల రబ్బరు సంచీ ఉన్న రకం తెప్పించాను. పాళీని బుడ్డిలో ముంచి సంచీని నొక్కి వదిలితే ఇంకు పీల్చుకుంటుంది. పొట్టి పెన్నుకి సరిపోయింది. కానీ ఒక్కసారి నొక్కి వదిలితే నిండదు. పాళీని ముంచే ఉంచి, నొక్కి వదిలి, రబ్బరు మళ్లీ ఉబ్బేదాకా ఆగి, ఇంకోసారి నొక్కాలి. నేను ఒక్క నొక్కు నొక్కి, పాళీ తుడిచి, పర్సులో పడేసుకుని కాలేజీకి వెళ్లిపోయేదాన్ని. రెండో పీరియడ్ కల్లా పెన్ను ఎండిపోయేది. సంచీ నల్లగా ఉండటంతో లోపల ఎంత ఉందో కనబడదు. రికార్డులు దిద్దుతూ సగంలో ఆగిపోయి పిల్లల దగ్గర బాల్‌పెన్ను అడిగి తీసుకున్న రోజులున్నాయి. తప్పు రబ్బరుది కాదు, నా తొందరది. అయినా సంచీ నిండా నింపినా దాంట్లో పట్టేది అర మిల్లీలీటరు లోపే.

ఇక మూడోది చూడగానే మనసు కుదుటపడింది. బుల్లి పిస్టన్ రకం. పారదర్శకంగా ఉంది. పుల్ల వెనక్కి లాగితే ఇంకు ఎక్కడం కళ్లారా కనబడుతుంది. మొదటి రోజే ఒక పాఠం చెప్పింది. పుల్లని పూర్తిగా వెనక్కి లాగేసి బ్యారెల్ బిగించాను. బ్యారెల్ అడుగు పుల్లకి తగిలి, అది ముందుకి జరిగి, పిస్టన్ నెట్టిన ఇంకంతా పాళీ గుండా నా వేళ్ల మీదికి వచ్చేసింది. నింపాక ఎంత పొడవవుతుందో కొలవాలి, ఖాళీగా ఉన్నప్పటి పొడవు కాదు. పుల్లని కాస్త తక్కువ లాగడం అలవాటు చేసుకున్నాను. అంటే అసలే తక్కువ పట్టేదాంట్లో ఇంకాస్త తగ్గింది.

అసలు కష్టం ఆ తరవాత మొదలైంది. అర పేజీ రాయగానే గీత పలచబడేది, ఇంకో రెండు వరసలకి ఆగిపోయేది. తెరిచి చూస్తే ఇంకు ఉంది! ఉండాల్సిన చోట లేదు, అంతే. పిస్టన్ పక్కన వెనక చివర అంటుకుని కూర్చుంది. పాళీ వైపు ఖాళీ గాలి. పాళీ కిందికి పెట్టి ఎంతసేపు పట్టుకున్నా దిగదు. వేలితో గట్టిగా తడితే బుడుంగున జారి ముందుకి వస్తుంది. మళ్లీ అర పేజీ.

ఇంకు చిక్కగా ఉందేమో అనుకుని ఇంకు మార్చాను. కాగితం బాగాలేదన్నాను. పాళీ చీలిక బిగుసుకుపోయిందని నాకు నేనే తీర్మానించుకుని, ఒక ఆదివారం బ్లేడు ముక్క దాంట్లో దూర్చి కాస్త తెరిచాను. ఈ వ్యాసంలో చెబుతున్న వాటన్నిటిలో నేను చేసిన చెడ్డ పని ఇదే. ఎక్కడా ఏ రోగమూ లేని పాళీ ఆ రోజు నుంచి కాగితాన్ని గీకడం మొదలెట్టింది. ఒక పక్క ముక్కు ఇంకో పక్క ముక్కు కన్నా ఎత్తయిపోయింది. కొత్త పాళీ కొనక తప్పలేదు. కన్వర్టర్ రోగానికి పాళీకి ఆపరేషన్ చేశానన్నమాట.

కారణం నాకు లాబ్‌లో తెలిసింది. కేశనాళిక పద్ధతిలో నీటి తలతన్యత కనుక్కునే ప్రయోగం మొదటి సంవత్సరం పిల్లలతో చేయిస్తాం. ఒకమ్మాయి గొట్టం పట్టుకుని వచ్చి, “మేడమ్, దీంట్లో గాలి బుడగ ఉండిపోయింది, తిరగేసినా రావట్లేదు” అంది. “సన్న గొట్టం కదమ్మా, నీటి బరువు చాలదు. తలతన్యత దాన్ని పట్టేసి ఉంచుతుంది. ఊదెయ్” అన్నాను. అనేసి రెండడుగులు వేశాక నవ్వొచ్చింది. ఇంటికెళ్లి బ్లేడుతో పాళీ కోసుకున్న మనిషి ఈవిడే!

సన్నటి గొట్టాన్ని ఒక చివర మూసి నిటారుగా నిలబెడితే, లోపలి పొడుగాటి బుడగ ఒక హద్దు కన్నా సన్నని గొట్టంలో దానంతటది పైకి లేవదని 1961లో బ్రెథర్టన్ అనే శాస్త్రవేత్త లెక్కగట్టి చూపించాడు. నీటికైతే ఆ హద్దు లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఇంకులో తడి పెంచే పదార్థాలు కలుపుతారు కాబట్టి దానికి తలతన్యత తక్కువ, హద్దు కూడా ఇంకాస్త సన్నటి గొట్టం వైపు జరుగుతుంది. చిన్న కన్వర్టర్ లోపలి బోలు సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. పైగా కొత్త ప్లాస్టిక్ గోడలకి అచ్చులో అంటిన జిడ్డు, పిస్టన్‌కి రాసిన గ్రీజు. జిడ్డు గోడని ఇంకు తడపదు, ముద్దలా ఒక చోట కూర్చుంటుంది. పైలట్ కాన్-40లో చిన్న చిన్న ఉక్కు గుళ్లు వేసి ఉంచేది ఈ తంటా తప్పించడానికే. పెన్ను కదిలినప్పుడల్లా అవి దొర్లి ఇంకు ముద్దని చెదరగొడతాయి. గుళ్లు లేనిదానికి గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసిన నీళ్లతో నాలుగైదుసార్లు పీల్చి వదిలి, మంచినీళ్లతో బాగా కడిగితే చాలావరకు నయమవుతుంది. నాది నయమైంది. కానీ అప్పటికే నాకు ఇంకో తెలివి పుట్టింది.

మాది గోదావరి ప్రాంతం. ఇక్కడ ఇంకు పెన్నంటే ఫిల్లర్‌తో బ్యారెల్ నిండా పోసేదే. రాజమండ్రి రత్నం పెన్నుల గురించి తెలియనివారు తక్కువ. కె.వి. రత్నంగారు చేసిన స్వదేశీ పెన్ను అందుకుని గాంధీగారు 1935లో ఆయనకి ఉత్తరం రాశారు. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని చేతి లేత్ మీద తిప్పి చేసే అలాంటి లావుపాటి పెన్నే మా నాన్నగారూ వాడేవారు. వారానికోసారి ఇంకు పోస్తే చాలు. కన్వర్టర్ లేదు, కార్ట్రిడ్జ్ లేదు, గొడవ లేదు. నేనూ అంతే చేద్దామనుకున్నాను. నా పెన్ను బ్యారెల్ ప్లాస్టిక్‌దే కాబట్టి మరలకి సిలికోన్ గ్రీజు రాసి, ఓ రింగు తొడిగి, నేరుగా ఇంకు పోసేశాను. అల్యూమినియం బ్యారెల్ ఉన్నవాళ్లు ఈ పని చేయకూడదు, ఇంకు లోహాన్ని తింటుంది. రెండు మిల్లీలీటర్ల పైనే పట్టింది. అర మిల్లీలీటరుతో అల్లాడిన మనిషికి అది ఏలేరు రిజర్వాయరే అయింది.

వేసవి సెలవుల ముందు, స్టాఫ్‌రూమ్ ఏసీలోంచి బయటికొచ్చి, స్కూటర్ మీద ఎండలో ఇంటికెళ్లి పర్సు తెరిస్తే లోపలంతా నీలం. క్యాప్ నిండా ఇంకు. బస్ పాసు, మాత్రల పట్టీ, దిద్దడానికి మడిచి పెట్టుకున్న ఒకబ్బాయి అసైన్‌మెంట్. పెన్ను పగిలిందనుకున్నాను. ఎక్కడా పగల్లేదు. గ్రీజు రాసిన మరల దగ్గర ఒక్క చుక్క లేదు. వచ్చినదంతా పాళీ గుండానే వచ్చింది.

ఈసారి ముందు ఇంకునీ కాగితాన్నీ తిట్టకుండా లెక్క వేశాను. బ్యారెల్‌లో ఇంకు బాగా తగ్గింది, గాలి ఒకటిన్నర మిల్లీలీటర్లు ఉందనుకుందాం. ఏసీ గదిలో 25 డిగ్రీలు, బయట 40. చార్లెస్ నియమం ప్రకారం ఆ పదిహేను డిగ్రీలకి గాలి అయిదు శాతం వ్యాకోచిస్తుంది. అంటే 0.075 మిల్లీలీటర్లు. ఫిల్లర్‌తో వేసే చుక్క సుమారు 0.05. ఆ లెక్కన చుక్కన్నర ఇంకు బయటికి రావాలి. పాళీ కింది నాలికకి ఉన్న సన్న గీతలు కొంత పట్టి ఉంచుతాయి, మిగిలింది క్యాప్‌లోకే. చేతి వేడికీ ఇదే జరుగుతుంది. ఇంకు అడుగంటిన పెన్నుతో కాసేపు రాస్తే ఉన్నట్టుండి టప్పున కక్కేది అందుకే.

మరి నాన్నగారి పెన్ను ఎందుకు కక్కలేదు? కక్కకపోవడమేమిటి, ఆయన చొక్కా జేబుల కింద మరకలు నాకు గుర్తే. కాకపోతే తక్కువ. ఎబొనైట్ గోడ మందం, వేడి లోపలికి నెమ్మదిగా పోతుంది. అంతకన్నా ముఖ్యం ఆ పెన్ను జేబులో నిటారుగా ఉండేది. పాళీ పైకి ఉంటే ఇంకు కిందికి దిగి, పాళీ దగ్గర గాలే ఉంటుంది. వ్యాకోచించిన గాలి ఒక్కటే బయటికి పోతుంది, ఇంకు కదలదు. పర్సులో అడ్డంగా పడున్న పెన్నులో పాళీ వెనక ఇంకు నిలబడి ఉంటుంది. గాలి దాన్నే ముందుకి తోస్తుంది. మగవాళ్ల జేబుకి సరిపోయిన పద్ధతిని నా పర్సులోకి తెచ్చుకున్నాను. బ్యారెల్‌లో సగానికి తగ్గకముందే మళ్లీ పోసుకుంటూ, ఇంట్లో టేబుల్ మీదే ఉంచుకుంటే అది మంచి పద్ధతే. నా పెన్ను బతుకు అది కాదు.

అదే లెక్క చిన్న గొట్టానికి వేస్తే సంగతి ఇంకోలా ఉంది. అర మిల్లీలీటరు గాలి అయిదు శాతం పెరిగితే సగం చుక్క. నాలిక గీతలు దాన్ని తేలిగ్గా పట్టి ఉంచుతాయి. ఇంతకాలం తక్కువ పడుతుందని తిట్టుకున్న గొట్టమే పర్సుకి నప్పింది. మరీ తక్కువ కాకుండా, ఇంకు వెనక అంటుకోకుండా, పొట్టి పెన్నులో దూరేది ఏదైనా ఉందా అని ఆలోచిస్తే, నేను మొదట్లో చెత్తబుట్టలో పడేసిన ఖాళీ కార్ట్రిడ్జే.

అదే 38 మిల్లీమీటర్లలో అది ముప్పావు మిల్లీలీటరు పట్టుకుంటుంది. పిస్టన్, పుల్ల, మందపాటి గోడ లేవు కదా, ఆ జాగా అంతా ఇంకుకే. లోపలి బోలు కన్వర్టర్ కన్నా వెడల్పు కాబట్టి ఇంకు వెనక పట్టుకుని వేలాడటం బాగా తక్కువ. ఎంత మిగిలిందో బయటికే కనబడుతుంది. మొత్తం ఖాళీ అయి గాలితో నిండినా, ఎండకి తోసుకొచ్చేది చుక్క కన్నా తక్కువే. కొత్త కార్ట్రిడ్జ్ పెట్టె ఒకటి తెప్పించి, వాడిన వాటిని కడిగి దాచుకున్నాను.

నింపడానికి సిరంజి కావాలి. మెడికల్ షాపులో రెండు మిల్లీలీటర్లది అడిగితే ఆ అబ్బాయి సానుభూతిగా, “ఎవరికండి, ఇంట్లో పెద్దవాళ్లకా?” అన్నాడు. పెన్నుకి అంటే నమ్మలేదు. సూది మొన ప్రమాదం కాబట్టి గచ్చు మీద రాకి అరగదీసి, లోపలి రంధ్రం మూసుకుపోలేదని చూసుకున్నాను. ప్రింటర్ ఇంకు నింపడానికి అమ్మే మొద్దు సూదులు దొరికితే ఈ అవస్థ అక్కర్లేదు. ఖాళీ కార్ట్రిడ్జ్‌ని అదే సిరంజితో మంచినీళ్లు కొట్టి కడగాలి. సూదిని అడుగు దాకా దించి, ఇంకు పైకి వస్తున్నకొద్దీ సూదిని పైకి తీస్తూ నింపాలి. పైనుంచి పోస్తే బుడగ పట్టి పొంగుతుంది. మూతి దగ్గర కొద్దిగా ఖాళీ వదిలి, కార్ట్రిడ్జ్‌ని నిటారుగా పట్టుకుని పెన్నుని దాని మీదికి దించాలి. ఇంకు పెన్నులకని అమ్మే ఇంకే వాడాలి. డ్రాయింగ్ ఇంకు నాలికలో గట్టిపడితే మళ్లీ రాదు.

దీనికీ ఒక లోపం ఉంది. తీసి పెట్టగా పెట్టగా మూతి వదులవుతుంది. వేలితో కాస్త కదిపితే ఊడొస్తోందంటే దాన్ని ఇక మొహమాటం లేకుండా పారేయాలి. పొదుపు పేరుతో ఇంకో వారం లాగితే పర్సు మళ్లీ నీలమవుతుంది.

చిన్న కన్వర్టర్ పనికిరానిదని నేననను. బుడ్డి పక్కనే కూర్చుని రాసుకునేవాళ్లకి, రోజుకో రంగు మార్చేవాళ్లకి, సిరంజి అంటే చిరాకు పడేవాళ్లకి అదే సుఖం. నా పిస్టన్ కన్వర్టర్ ఇప్పుడు పెన్ను కడిగే పంపుగా ఉద్యోగం చేస్తోంది. నీళ్లు పీల్చి వదులుతుంటే నాలిక నిమిషాల్లో శుభ్రమవుతుంది, ఆ పని కార్ట్రిడ్జ్‌తో కాదు. రబ్బరు సంచీది మాత్రం ఎవరికీ సిఫారసు చేయను. లోపల ఇంకు కనబడనిదాన్ని నమ్ముకుని పరీక్షల డ్యూటీకి వెళ్లడం నావల్ల కాదు.

కొనబోయేవాళ్లు చీపురు పుల్ల ఒకటి బ్యారెల్ లోపలికి దింపి, అంచు దగ్గర గోటితో గుర్తు పెట్టి, స్కేలు మీద కొలుచుకోండి. కార్ట్రిడ్జ్ వెనక భాగం దూరే లోతు అదే. అమ్మేవాళ్లకి నాదొక విన్నపం: ప్యాకెట్ మీద ‘స్టాండర్డ్’ అన్న ముక్కతో పాటు రెండంకెలు కూడా వేయించండి. పుల్ల పూర్తిగా లాగినప్పుడు పొడవు ఎన్ని మిల్లీమీటర్లు, ఇంకు ఎన్ని మిల్లీలీటర్లు. ఆ రెండూ ఉంటే నా మొదటి కన్వర్టర్ డబ్బులైనా మిగిలేవి.